ఎల్‌ఈడీ మ్యాట్రిక్స్‌కి ఏ డ్రైవర్ వెయ్యాలి? ఐసీ పేరు తర్వాత, ముందు వరుస కరెంట్ లెక్క కట్టండి

"మాస్టారూ, మ్యాట్రిక్స్‌కి ఏ ఐసీ వెయ్యమంటారు?"

ఏడాదికి రెండు సీజన్లలో ఈ ప్రశ్న నా బెంచీ దగ్గరికి వస్తుంది. మ్యాట్రిక్స్ అంటే వరుసలు, కాలమ్‌లుగా అల్లిన ఎల్‌ఈడీ చుక్కల గడి, డ్రైవర్ ఐసీ అంటే ఆ చుక్కలకి కరెంట్ పంచే చిప్. ఫైనలియర్ ప్రాజెక్టులప్పుడు ఒకసారి, వినాయక చవితి పందిళ్లకి బోర్డులు కట్టేటప్పుడు ఇంకోసారి. ఐసీ పేరు చెప్పేస్తే పరిగెత్తుకెళ్లి విశాఖ డాబాగార్డెన్స్‌లో కొనేసుకుందామని వాళ్ల తొందర. నేనేమో "ఎన్ని వరుసలు? ఎన్ని కాలమ్‌లు? ఏ రంగు? ఎండలోనా, నీడలోనా?" అని తిరగేసి అడుగుతాను. ఈ నాలుగింటికీ జవాబు దొరికితే ఐసీ పేరు దానంతట అదే వచ్చేస్తుంది.

పోయినేడు ఒక టిఫిన్ కొట్టాయన బోర్డు పట్టుకొచ్చాడు. "ఏటి మాస్టారూ, ఒక గీత మెరుస్తంది, ఒక గీత మసగ్గా అవుపిస్తంది" అన్నాడు. వెలిగించి చూశాను. 'మసాలా దోసె' అని వస్తోంది, కింద నిండుగా ఒక అడ్డగీత. అక్షరాల కొసల్లో రెండు మూడు చుక్కలే ఉన్న వరుస కళ్లు పొడిచేలా ఉంది. నిండుగా 32 చుక్కలూ వెలగాల్సిన అడ్డగీత గుడ్డిదీపంలా ఉంది. బోర్డు వెనక్కి తిప్పితే ప్రతి వరుసకీ ఒక బీసీ557 ట్రాన్సిస్టర్. అది మొయ్యగలిగేది 100 మిల్లీయాంప్‌లు, నిండు వరుస అడిగేది 600 పైన. కాలమ్‌ల వైపు మాత్రం ఖరీదైన ఐసీలు వేశారు. కట్టినవాళ్లని తిట్టడానికి నాకు నోరు రాలేదు, నా మొదటి బోర్డు కూడా అచ్చం ఇలాగే ఏడ్చింది.

కాలమ్‌ల మీద అందరికీ శ్రద్ధ ఉంటుంది. బోర్డులు చెడేది వరుసల వైపు. కింద చెప్పే పద్ధతంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- డయోడ్ మోడ్ ఉన్న మల్టీమీటర్. 500 రూపాయలది అయినా ఫర్వాలేదు.
- మీ మ్యాట్రిక్స్, లేదా మీరు వాడబోయే రకం విడి ఎల్‌ఈడీలు నాలుగైదు.
- 5 వోల్టుల సప్లై. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టు కాదు, కనీసం 2 ఆంపియర్లు ఇవ్వగలిగే అడాప్టర్.
- ఆర్డుయినో ఊనో లాంటి కంట్రోలర్ బోర్డు (మనం రాసిన ప్రోగ్రామ్‌ని నడిపేది) ఏదైనా.
- 100, 150, 220 ఓంల రెసిస్టర్లు, 4.7 కిలోఓం, 10 కిలోఓంలవి కొన్ని.
- 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్లు, ఎన్ని ఐసీలుంటే అన్ని. 470 మైక్రోఫారడ్‌ది ఒకటి.
- ఒక కాగితం, పెన్ను. నవ్వకండి, అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే.

1. ఏం చూపిస్తారో, ఎక్కడ పెడతారో తేల్చుకోండి

అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు అయితే 8 వరుసలు చాలు. తెలుగు అలా కాదు. 'టీ', 'పాలు' వరకూ ఎలాగో ఇరికించొచ్చు. 'లక్ష్మి', 'రాష్ట్రం' రాయాలంటే పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు, మూడు అంతస్తులు కావాలి. 8 వరుసల్లో అవి కుప్పపడి ఏ భాషో తెలియకుండా పోతాయి. తెలుగు చూపించాలనుకుంటే 16 వరుసలకి తక్కువ వద్దు.

వరుసలు పెరిగిన కొద్దీ వెలుగు తగ్గుతుంది. మల్టీప్లెక్సింగ్‌లో ఒక్కో క్షణం ఒక్క వరుసే వెలుగుతుంది, మన కంటికి అన్నీ కలిపి కనిపిస్తాయి, అంతే. 8 వరుసలుంటే ప్రతి ఎల్‌ఈడీ వెలిగేది ఎనిమిదో వంతు కాలమే. తన వంతులో 20 మిల్లీయాంప్‌లు ఇచ్చినా సగటున దానికి అందేది 2.5. అదే 16 వరుసలని ఒకే చుట్టులో తిప్పితే 1.25. ఇంట్లో గోడకి అది సరిపోతుంది. జగదాంబ సెంటర్లో మధ్యాహ్నం ఎండలో పెడితే బోర్డు ఆఫ్‌లో ఉందనుకుంటారు.

అందుకని 16 వరుసల బోర్డుని పైన 8, కింద 8 గా చీల్చి, రెండు సగాలనీ ఒకేసారి తిప్పుతారు. కాలమ్ డ్రైవర్లు రెట్టింపు పడతాయి, వెలుగూ రెట్టింపవుతుంది. బజార్లో దొరికే పీ10 ప్యానెళ్లు ఇంకా ముందుకెళ్లి 16 వరుసలని నాలుగే వంతుల్లో తిప్పేస్తాయి. వాటి సంగతి 4వ మెట్టులో.

2. మ్యాట్రిక్స్ పిన్నులు మీటర్‌తో పట్టుకోండి

విడి ఎల్‌ఈడీలతో మీరే అల్లుకుంటే ఈ మెట్టు దాటేయండి.

రెడీమేడ్ 8×8 మ్యాట్రిక్స్‌కి 16 పిన్నులుంటాయి, కానీ వరసలో ఉండవు. మామూలుగా దొరికే 1088 రకంలో మొదటి వరుస 9వ పిన్నులో ఉంటుంది, రెండోది 14లో. పక్కన రాసిన, రకం చెప్పే ఏఎస్, బీఎస్ అక్షరాలని నమ్మి సోల్డర్ చేసెయ్యకండి. మీటర్‌ని డయోడ్ మోడ్‌లో పెట్టి, ఎర్ర ప్రోబ్ ఒక పిన్నుకి ఆనించి, నల్ల ప్రోబ్‌తో మిగతావన్నీ తాకుతూ పోండి. ఎర్ర ఎల్‌ఈడీ అయితే మసగ్గా వెలుగుతుంది. ఏ చుక్క వెలిగిందో కాగితం మీద గళ్లు గీసి రాసుకోండి. ఎంత మెల్లగా చేసినా పావుగంట పని.

"కామన్ యానోడ్ కొనేశాను, నా ఐసీకి కామన్ కాథోడ్ కావాలట, మార్చుకురావాలా?" అని చాలామంది కంగారు పడతారు. యానోడ్ అంటే ఎల్‌ఈడీలోకి కరెంట్ వెళ్లే కాలు, కాథోడ్ అంటే బయటికొచ్చే కాలు, కామన్ అంటే ఒక వరుసలో ఆ కాళ్లన్నీ కలిపి కట్టినవి. ఒకే రంగు 8×8 అయితే అక్కర్లేదు. దాన్ని 90 డిగ్రీలు తిప్పి పట్టుకోండి. ఇందాకటి వరుసలు ఇప్పుడు కాలమ్‌లు, కామన్ యానోడ్ కాస్తా కామన్ కాథోడ్ అయిపోయింది. గడి రెండు వైపులా ఒకటే, మీరు దేన్ని వరుస అంటున్నారన్నదే తేడా. ప్రోగ్రామ్‌లో బొమ్మని తిప్పి రాస్తే సరి.

3. రెండు లెక్కలు కట్టండి

ఉదాహరణకి 32 కాలమ్‌లు, 8 వరుసలు, ఎర్ర ఎల్‌ఈడీలు, చుక్కకి 20 మిల్లీయాంప్‌లు అనుకుందాం.

కాలమ్ లెక్క: ఏ క్షణమైనా ఒక కాలమ్‌లో ఒక్క చుక్కే వెలుగుతుంది. కాబట్టి కాలమ్ డ్రైవర్ ఒక్కో పిన్ను మోసేది 20. కానీ బొమ్మ నిండుగా ఉంటే వరుస తర్వాత వరుసకి ఆ 20 పారుతూనే ఉంటుంది, దానికి విశ్రాంతి లేదు. 8 పిన్నుల ఐసీ అయితే మొత్తం 160 మిల్లీయాంప్‌లు, నిరంతరంగా.

వరుస లెక్క: ఆ వరుసలో 32 చుక్కలూ ఒకేసారి వెలగొచ్చు. 32 × 20 = 640 మిల్లీయాంప్‌లు, ఒక్క స్విచ్ మీద. పైన కింద సగాల్ని ఒకే స్విచ్‌తో తిప్పితే 1,280. ఎనిమిదో వంతు కాలమే కదా అని దీన్ని ఎనిమిదితో భాగించకండి. తన వంతు వచ్చినప్పుడు ఆ స్విచ్ మొత్తం మొయ్యాల్సిందే. సగటు పనికొచ్చేది వేడి లెక్కకి మాత్రమే.

ఈ రెండు అంకెలూ కాగితం మీద పెద్దగా రాసుకోండి. ఇక ఏ డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) తెరిచినా వీటితో పోల్చి చూడటమే మన పని.

4. దారి ఎంచుకోండి

*దారి ఎ, మాక్స్7219.* చిన్న బోర్డు, నీడపట్టు, ఒకే రంగు అయితే దీన్ని మించింది లేదు. ఒక చిప్ 64 చుక్కలని నడుపుతుంది, తిప్పే పని కూడా అదే చూసుకుంటుంది. మూడు తీగలతో ఎన్నయినా గొలుసుకట్టుగా పెట్టుకోవచ్చు. వెలుగుకి 16 మెట్లున్నాయి. చుక్క కరెంట్‌ని ఒకే ఒక్క రెసిస్టర్ నిర్ణయిస్తుంది. 2 వోల్టుల ఎర్ర ఎల్‌ఈడీకి 20 మిల్లీయాంప్‌లు కావాలంటే సుమారు 28 కిలోఓంలు, గరిష్ఠం 40 కావాలంటే 11.8 కిలోఓంలు అని డేటాషీట్ పట్టిక చెబుతుంది. చౌక మాడ్యూళ్లలో చాలావాటికి 10 కిలోఓంలు వేసి వదిలేస్తారు, అంటే గీత దాటించి నడుపుతున్నారన్నమాట. రోజంతా వెలిగే బోర్డయితే ఆ రెసిస్టర్ మార్చండి, లేదా ప్రోగ్రామ్‌లో వెలుగు సగానికి దించి ఉంచండి.

దీని పరిమితి 8 వరుసలు. రెండు మాడ్యూళ్లు ఒకదాని కింద ఒకటి పెట్టి 16 చేసుకోవచ్చు, తెలుగుకి అదే మార్గం. ఎండలో పెట్టే ఆశ మాత్రం వద్దు.

*దారి బి, హెచ్‌టీ16కే33.* రెండు తీగల ఐ2సీ మీద 16×8 నడుపుతుంది. మీ కంట్రోలర్‌లో పిన్నులు ఖాళీ లేకపోతే వాడండి. అంతకంటే చెప్పడానికేం లేదు.

*దారి సి, పీ10 ప్యానెల్.* కొట్టు బోర్డు కావాలా? ఈ వ్యాసం ఇక్కడే మూసేసి ప్యానెల్ కొనుక్కోండి. 320 × 160 మిల్లీమీటర్ల సైజులో 32×16 చుక్కలు, డ్రైవర్లన్నీ వెనకే ఉంటాయి. కాలమ్‌లకి 74హెచ్‌సీ595లు, వరుస ఎంపికకి 74హెచ్‌సీ138, వరుస స్విచ్‌లుగా 4953 అనే జంట మాస్‌ఫెట్లు (వోల్టేజ్‌తో తెరిచి మూసే ట్రాన్సిస్టర్లు). విడి ఎల్‌ఈడీలు 512 కొని, కాళ్లు వంచి, 1,024 సోల్డర్లు వేసి కడితే దానికంటే ఎక్కువే అవుతుంది, ఇంట్లో మాటలు అదనం. అయితే నేర్చుకోవాలనుకునేవాళ్లు పాత ప్యానెల్ ఒకటి సంపాదించి వెనక రాగి దారులు వెతుక్కుంటూ పొండి. కింద నేను చెప్పబోయేదంతా అందులో అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది.

*దారి డి, సొంతంగా కట్టుకోవడం.* పెద్ద చుక్కలు కావాలన్నా, వింత ఆకారం కావాలన్నా, ప్రాజెక్టులో "మీరేం చేశారు?" అని ఎగ్జామినర్ అడిగితే జవాబుండాలన్నా ఇదే. మిగతా మెట్లన్నీ దీని కోసమే.

5. కాలమ్ డ్రైవర్

వరుసలు యానోడ్‌లు, అంటే వరుస వైపు నుంచి కరెంట్ పోస్తున్నాం, కాలమ్ వైపు లాగుతున్నాం అనుకుని చెబుతున్నాను. కట్టడానికి ఇదే తేలిక.

74హెచ్‌సీ595, అంటే డేటాని ఒక్కో బిట్ చొప్పున తీసుకుని 8 పిన్నుల మీద పెట్టే చిప్, అందరింట్లో ఉండేది. కానీ చిప్ మొత్తం మీద 70 మిల్లీయాంప్‌లు దాటకూడదు. మన లెక్క 160. పిన్నుకి 8 చొప్పున సరిపెట్టుకుంటే, బల్లమీద పెట్టుకునే చిన్న బోర్డుకి అది చాలు. అంతకు మించితే వద్దు.

టీపీఐసీ6బీ595 నా మొదటి ఎంపిక. లోపలి పద్ధతి 595 లాంటిదే, పిన్నుకి 150 మిల్లీయాంప్‌లు లాగుతుంది. కాళ్ల వరస మాత్రం 595తో కలవదు, పాత బోర్డులో పీకి పెట్టేద్దామనుకోకండి. దీనికి పోయడం రాదు, లాగడమే వచ్చు.

74హెచ్‌సీ595 వెనక యూఎల్‌ఎన్2803 పెట్టడం చౌక దారి, ఎక్కడైనా దొరుకుతుంది. ఒక్కటే లోపం, డార్లింగ్టన్ జంట (ఒకదాని వెనక ఒకటి కట్టిన రెండు ట్రాన్సిస్టర్లు) కాబట్టి దాదాపు 0.9 వోల్ట్ అదే తినేస్తుంది. ఎరుపుకి పర్లేదు. నీలానికి, తెలుపుకి అదే కొంప ముంచుతుంది, 7లో చూడండి.

టీఎల్‌సీ5916, ఎస్‌టీపీ16సీపీ05 లాంటివి స్థిర కరెంట్ డ్రైవర్లు. చిప్‌కి ఒక్క రెసిస్టర్ పెడితే చాలు, కాలమ్ కాలమ్‌కీ అక్కర్లేదు, వెలుగు కూడా సమానంగా ఉంటుంది. కానీ మిగిలిన వోల్టేజ్ అంతా చిప్‌లోనే కాలుతుంది. 5 వోల్టుల మీద ఎర్ర ఎల్‌ఈడీ పెడితే మిగిలేది 3 వోల్టులు. 16 పిన్నుల చిప్‌కి 3 × 0.02 × 16 అంటే దాదాపు ఒక వాట్. మూసిన అక్రిలిక్ పెట్టెలో, మే నెలలో, ఒక్కో చిప్‌కి ఒక వాట్. ఆలోచించుకోండి.

6. వరుస స్విచ్

640 మిల్లీయాంప్‌లు పొయ్యాలి, వెంటనే ఆపగలగాలి. ఆర్డుయినో పిన్నుకి నేరుగా కట్టడం అసలు కుదరదు, దాని గరిష్ఠమే 40, హాయిగా ఇచ్చేది 20.

పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ వేస్తే? బీసీ557 సంగతి టిఫిన్ కొట్టు బోర్డు చెప్పేసింది. బీడీ140 ఒకటిన్నర ఆంపియర్లు మోస్తుంది, కానీ అది పూర్తిగా తెరుచుకోవాలంటే బేస్‌లో 30 మిల్లీయాంప్‌లకి పైగా లాగాలి, దానికి మళ్లీ ఇంకో ట్రాన్సిస్టర్. పైగా అలా నిండా ముంచిన ట్రాన్సిస్టర్ ఆగమన్న వెంటనే ఆగదు, కొన్ని మైక్రోసెకన్లు సాగదీస్తుంది. ఆ సాగుడే దెయ్యపు చుక్కలుగా, అంటే వెలగకూడని చోట మసక చుక్కలుగా కనిపిస్తుంది.

కాబట్టి పీ చానెల్ మాస్‌ఫెట్ వేయండి. ఏఓ3401 చాలా బాగుంటుంది. 4 ఆంపియర్ల సరుకు, గేట్‌కి (దాన్ని తెరిచి మూసే కాలుకి) 5 వోల్టులిస్తే పూర్తిగా తెరుచుకుంటుంది, మన 640కి అది తినేది వోల్టులో 25వ వంతు కూడా ఉండదు. చీమంత ఉంటుంది, సోల్డర్ చెయ్యడానికి చెయ్యి వణక్కూడదు, అంతే. ఐఆర్‌ఎఫ్9540 పెద్దగా కనిపిస్తుంది కదా అని తెచ్చుకోకండి, అది సరిగ్గా తెరుచుకోడానికి గేట్‌కి 10 వోల్టులు కావాలి. 5 వోల్టులకి తలుపు సందులోంచి చూసినట్టు ఓరగా తెరుచుకుని వేడెక్కుతుంది.

వరుసలు కాథోడ్‌లయిన బోర్డా? అప్పుడు ఎన్ చానెల్, ఏఓ3400. లేదా ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్. పేరులో 'ఎల్' ఉందో లేదో చూసుకోండి, ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ ఇచ్చి "రెండూ ఒకటే బాబూ" అంటారు. ఒకటి కాదు. కాలమ్‌ల వైపు అప్పుడు పోసే డ్రైవర్ కావాలన్నది మర్చిపోకండి, టీపీఐసీ పనికిరాదు.

వరుసని ఎంచడానికి 74హెచ్‌సీటీ138 పెట్టండి. మూడు పిన్నులతో 8 వరుసలు. దీని అవుట్‌పుట్ ఎంచినప్పుడు కిందికి దిగుతుంది, పీ చానెల్ గేట్‌కి కావాల్సిందీ అదే, మధ్యలో ఏమీ అక్కర్లేదు. ఇంకో మేలు ఏమిటంటే, మీ ప్రోగ్రామ్ ఎంత పిచ్చిగా రాసినా రెండు వరుసలు ఒకేసారి వెలగవు.

7. వోల్టేజ్ పంపకం, రెసిస్టర్

5 వోల్టుల్లో ఎవరి వాటా ఎంతో రాయండి. ఎర్ర ఎల్‌ఈడీ 2.0, మాస్‌ఫెట్ 0.04, టీపీఐసీ 0.1. మిగిలింది 2.86. 20 మిల్లీయాంప్‌లతో భాగిస్తే 143, కాబట్టి 150 ఓంలు. కాలమ్‌కి ఒకటి చొప్పున. వరుసకి ఒకటి పెట్టారా, మళ్లీ టిఫిన్ కొట్టు బోర్డే, ఒక్క చుక్క మెరుస్తుంది, నిండు గీత మసకబారుతుంది.

ఇదే పంపకం నీలం ఎల్‌ఈడీకి, పాత పుస్తకాల్లోని యూడీఎన్2981 (వరుస వైపు పోసే చిప్), యూఎల్‌ఎన్2803 జంటతో వేసి చూడండి. ఎల్‌ఈడీ 3.2, పైన 1.8, కింద 0.9. మొత్తం 5.9. మన దగ్గరున్నది 5. "ఐసీలన్నీ కొత్తవే, ఎందుకు వెలగట్లేదు?" అని అడిగేవాళ్లలో సగంమంది లెక్క ఇక్కడ తప్పుతుంది.

8. మీ కంట్రోలర్ 3.3 వోల్టులదా?

ఈఎస్‌పీ32 లాంటివి వాడేవాళ్లకి ఇది తప్పనిసరి. ఊనో వాడేవాళ్లు దాటేయండి.

3.3 వోల్టుల పిన్నుని నేరుగా 5 వోల్టుల మీదున్న పీ చానెల్ గేట్‌కి కడితే అది ఎప్పటికీ పూర్తిగా మూసుకోదు, అన్ని వరుసలూ మసగ్గా వెలుగుతూనే ఉంటాయి. మాక్స్7219 కూడా 5 వోల్టుల మీద నడిచేటప్పుడు కనీసం 3.5 వోల్టులొస్తేనే '1' అని ఒప్పుకుంటుంది. "మా ఇంట్లో బాగానే పనిచేసింది సార్, కాలేజీలో డెమోకి పిచ్చిపట్టింది" అన్నవాళ్లకి తరచు ఇదే కారణం. మధ్యలో 74హెచ్‌సీటీ125 గానీ 74హెచ్‌సీటీ245 గానీ 5 వోల్టుల మీద పెట్టండి. పేరులో 'టీ' ఉండాలి, అది ఉన్నవే 2 వోల్టులకి '1' అంటాయి. ఇందాక 138కి కూడా హెచ్‌సీటీ అన్నది అందుకే.

9. ఒక్క వరుస కట్టి వెలిగించండి, తర్వాత మిగతావి

ఒకేసారి మొత్తం కట్టకండి. ఒక మాస్‌ఫెట్, ఒక టీపీఐసీ, 8 చుక్కలు. అవి వెలిగాక రెండో వరుస.

కట్టేటప్పుడు మూడు జాగ్రత్తలు. ప్రతి ఐసీ కాళ్ల దగ్గరే 0.1 మైక్రోఫారడ్, సప్లై వచ్చే చోట 470. టీపీఐసీ అవుట్‌పుట్ ఆపే పిన్నుకి 10 కిలోఓంలతో పుల్లప్ (5 వోల్టుల వైపుకి కట్టే రెసిస్టర్), లేకపోతే కంట్రోలర్ మేలుకునే లోపు బోర్డు పిచ్చి పిచ్చిగా మెరుస్తుంది. ప్రతి వరుస తీగ నుంచి గ్రౌండ్‌కి 4.7 కిలోఓంలు. ఈ చివరిది ఎందుకో 10లో తెలుస్తుంది.

ప్రోగ్రామ్‌లో వరస ఇది, మార్చకండి. ముందు, పాత వరుస వెలుగుతుండగానే కొత్త డేటా లోపలికి తోయండి. తర్వాత అవుట్‌పుట్ ఆపండి. లాచ్ కొట్టండి, అంటే తోసిన డేటాని పిన్నుల మీదికి ఎక్కించండి. వరుస మార్చండి. రెండు నుంచి ఐదు మైక్రోసెకన్లు ఆగండి. అవుట్‌పుట్ తెరవండి.

సెకనుకి కనీసం 100 సార్లు బొమ్మ మొత్తం తిరగాలి. 8 వరుసలంటే సెకనుకి 800 మార్పులు, వరుసకి 1.25 మిల్లీసెకన్లు. 32 బిట్లు 4 మెగాహెర్ట్జ్‌తో తోస్తే పట్టేది 8 మైక్రోసెకన్లే, కాబట్టి ఊనోకి ఇదేం భారం కాదు. అయితే టైమర్ ఇంటరప్ట్‌లో (మెయిన్ ప్రోగ్రామ్‌ని ఆపి టైముకి నడిచే భాగంలో) పెట్టండి. మెయిన్ లూప్‌లో పెట్టి, సెన్సార్ చదవడానికి డిలే వేశారంటే బొమ్మ ఆగిపోతుంది.

ఆగిపోతే ఏమవుతుంది? తిప్పుడు ఆగిన క్షణాన ఏ వరుస వెలుగుతుందో అదే వెలుగుతూ ఉంటుంది. 20 మిల్లీయాంప్‌లు అయితే ఎల్‌ఈడీ తట్టుకుంటుంది. "ఎనిమిదో వంతు కాలమే కదా" అని 60 పెట్టి ఉంటే తట్టుకోదు. నా బోర్డులో ఐదో వరుస ఇప్పటికీ మిగతావాటికంటే పాలిపోయి ఉంటుంది, ప్రోగ్రామ్ అప్‌లోడ్ చేస్తూ టీకి వెళ్లొచ్చిన ఫలితం. వాచ్‌డాగ్ టైమర్ (ప్రోగ్రామ్ ఆగిపోతే కంట్రోలర్‌ని మళ్లీ మొదలుపెట్టేది) పెట్టండి, మొదటి పరీక్షలన్నీ తక్కువ కరెంట్‌తో చెయ్యండి.

10. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

*నిండు గీత పరీక్ష.* ఒక వరుసలో ఒక్క చుక్క, పక్క వరుసలో 32 చుక్కలు వెలిగించండి. వెలుగులో తేడా కనిపిస్తే వరుస స్విచ్ చాలట్లేదు, లేదా సప్లై తీగ సన్నగా ఉంది. బోర్డు చివర్న మీటర్ పెట్టి చూడండి, 4.7కి తగ్గితే తీగ మార్చండి.

*ఐమూల గీత పరీక్ష.* చీకటి గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకి గీత గీయండి. గీత పక్కన మసక చుక్కలు కనిపిస్తే అవే దెయ్యపు చుక్కలు. అవి ఎటున్నాయో చూడండి, రోగం తెలిసిపోతుంది. రాబోయే వరుస బొమ్మ పాత వరుసలో కనిపిస్తోందా? పాత వరుస త్వరగా ఆగట్లేదు, లేదా ఆ తీగలో మిగిలిన ఛార్జ్ కొత్త కాలమ్‌ల గుండా కారుతోంది. ఆ 4.7 కిలోఓంల రెసిస్టర్ దీనికే, అది ఉందో లేదో చూడండి, ఆగే సమయం పెంచండి. పాత వరుస బొమ్మ కొత్త వరుసలో కనిపిస్తోందా? ప్రోగ్రామ్‌లో లాచ్ కంటే ముందే వరుస మార్చేస్తున్నారు.

*కరెంట్ పరీక్ష.* ఒక్క వరుస మాత్రమే నిండుగా పెట్టి, ఒక కాలమ్ రెసిస్టర్ మీద డీసీ వోల్టేజ్ చూడండి. మీటర్ సగటు చూపిస్తుంది, కాబట్టి 2.86లో ఎనిమిదో వంతు, సుమారు 0.36 రావాలి. బొమ్మ మొత్తం నిండుగా పెడితే అదే రెసిస్టర్ మీద 2.8 దాకా రావాలి. మొదటిది సరిగా ఉండి రెండోది బాగా తక్కువగా ఉందంటే కొన్ని వరుసలు సరిగ్గా వెలగట్లేదన్నమాట.

*వేలి పరీక్ష.* అరగంట నిండు బొమ్మ పెట్టి, డ్రైవర్ల మీద వేలు ఆనించండి. పది సెకన్లు ఉంచలేకపోతే లెక్క మళ్లీ కట్టండి. ఎస్‌ఎంపీఎస్ (కరెంటు నుంచి 5 వోల్టులిచ్చే సప్లై పెట్టె) దగ్గర మాత్రం వేలు పెట్టకండి, దాని స్క్రూల మీద 230 వోల్టులుంటాయి.

ఫోన్ కెమెరాలో నల్ల పట్టీలు కనబడితే భయపడకండి, అది కెమెరా వేగంతో వచ్చే తంటా. కంటికి వణుకు తెలుస్తుంటేనే వేగం పెంచండి.

మాక్స్7219 వాడినవాళ్లకి రెండు ముక్కలు. అన్ని చుక్కలూ ఫుల్లుగా వెలిగి కదలకపోతే డిస్‌ప్లే టెస్ట్ రిజిస్టర్‌లో సున్నా రాయలేదు. ఏమీ వెలగకపోతే షట్‌డౌన్ రిజిస్టర్‌లో 1 రాయలేదు, లేదా డేటా తీగ మాడ్యూల్ బయటికెళ్లే వైపు గుచ్చారు. ఈ రెండోది నేను కూడా ఇప్పటికీ చేస్తుంటాను.

11. బయట పెడుతుంటే

విశాఖలో బోర్డుని చంపేది కరెంట్ కంటే ముందు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు పెట్టిన ఒక బోర్డు ఒక్క వానాకాలం గడిచేసరికి "వరుసలు పోతున్నాయి" అని నా దగ్గరికి వచ్చింది. ఐసీలన్నీ బాగున్నాయి. జంపర్ తీగలు గుచ్చిన హెడర్ పిన్నుల మీద పచ్చటి చిలుము, గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. వరుస తీగల్లో అంత కరెంట్ పారుతుంది కాబట్టి ముందు చెడేవి అవే కనెక్షన్లు, కాలమ్‌లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

బయటికెళ్లే బోర్డులో గుచ్చే తీగలు వద్దు, సోల్డర్ చెయ్యండి. పరీక్షలన్నీ అయ్యాక, ఫ్లక్స్ (సోల్డర్ జిగురు) కడిగేసి, రెండు వైపులా కన్ఫార్మల్ కోటింగ్ (చెమ్మ తగలకుండా కాపాడే పూత) స్ప్రే కొట్టండి, కనెక్టర్లకి ముందు టేప్ అంటించి. పెట్టెని పూర్తిగా బిగించేస్తే లోపల చెమ్మ చిక్కుకుపోతుంది, అడుగున రెండు చిన్న బెజ్జాలు వెయ్యండి, పైన కాదు. మాస్‌ఫెట్లు మీకు కావలసినవాటికంటే నాలుగు ఎక్కువ కొని, చిన్న కవర్లో వేసి ఆ పెట్టె లోపలే ఒక మూల టేపుతో అంటించండి. రెండేళ్ల తర్వాత నిచ్చెనెక్కి బోర్డు విప్పేది మీరే.